ఆయన సెలవుకి వచ్చేలోగా మొదలుపెట్టండి

ప్రశ్న: మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరండి. నాకు 31 ఏళ్లు, పెళ్లై నాలుగేళ్లు. మావారు కువైట్‌లో డ్రైవరు. ఏడాదిన్నరకోసారి రెండు నెలల సెలవు మీద వస్తారు. నాకు నెలసరి రెండు మూడు నెలలకి గానీ రాదు. ఏ పేరంటానికి వెళ్లినా "ఏమైనా విశేషమా?" అంటున్నారు. అత్తగారు పసరు మందు తాగిస్తున్నారు, ఆయనకి రెండో పెళ్లి మాట కూడా ఎత్తారు. ఆయనేమో "నాకే లోపమూ లేదు, నువ్వు చూపించుకో" అంటున్నారు. మూడు నెలల్లో, సంక్రాంతికి వస్తారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, నాలుగేళ్లు అని ఊరంతా అంటోంది గానీ, మీరిద్దరూ కలిసి ఉన్న కాలం ఆరేడు నెలలు మించి ఉండదు. ఏ జాగ్రత్తలూ వాడకుండా ఏడాది పాటు కలిసి ఉన్నా నెల తప్పకపోతేనే డాక్టర్లు దాన్ని సమస్యగా చూస్తారు. నూటికి 80 నుంచి 85 జంటలకు ఆ ఏడాదిలోనే నిలుస్తుంది. భార్యకు 35 దాటితే ఆరు నెలలకే వెళ్లాలి. కాబట్టి గొడ్రాలనే మాట మీకు ఎవరూ అంటగట్టడానికి లేదు.

అయినా మీరు మాత్రం ఆగకూడదు. నెలసరి అంత ఆలస్యంగా వస్తోందంటే అండం సరిగా విడుదల కావడం లేదేమో. ఆయన ఉన్న రెండు నెలల్లో ఒక్క అండమైనా విడుదలైందో లేదో! పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండాలు సరిగా ఎదగకపోవడం), థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోన్) పెరగడం లాంటివి దీనికి మామూలు కారణాలు. రక్తపరీక్షల్లో, స్కానింగ్‌లో చాలావరకు బయటపడతాయి, మందులకు లొంగుతాయి కూడా. వీటికి ఆయన ఊళ్లో ఉండక్కర్లేదు. అమలాపురంలోనో కాకినాడలోనో గైనకాలజిస్టుని ఈ నెలలోనే కలవండి. నెలసరి తేదీలు ఒక కాగితం మీద రాసుకెళ్లండి. మీకు గానీ ఇంట్లో ఎవరికైనా గానీ ఎప్పుడైనా టీబీ వచ్చి ఉంటే దాచకుండా చెప్పండి, అది పైకి ఏమీ తెలియకుండా, అండం గర్భసంచికి చేరే ట్యూబుల్ని మూసేయొచ్చు. పసరు మాత్రం ఆపేయండి. అందులో ఏం కలిపారో తెలియనప్పుడు డాక్టరు ఇచ్చే మందుకి అది అడ్డొస్తుందో లేదో ఎవరు చెప్పగలరు? నాగుల చవితికి మాత్రం అత్తగారితో కలిసే వెళ్లి పుట్టలో పాలు పోసి రండి, దానివల్ల ఏ ఇబ్బందీ లేదు.

ఇక మీవారి సంగతి. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. వీర్యకణాలు తక్కువగా ఉండడం, చురుగ్గా కదలకపోవడం, బీజాల దగ్గర నరాలు ఉబ్బడం, వయసొచ్చాక గవదబిళ్లలు వచ్చి బీజాలు వాయడం ఇలా ఎన్నో. వీటిలో చాలావాటికి దాంపత్యంలో ఏ తేడా కనిపించదు. "నాకే లోపమూ లేదు" అని ఆయన నమ్మడానికి కారణం అదే. మగతనం వేరు, కణాల లెక్క వేరు అని నెమ్మదిగా చెప్పండి.

ఆయనకు చేసే వీర్యపరీక్షకు సూది గుచ్చడం కూడా ఉండదు, ఖర్చూ తక్కువే. మీకు ట్యూబుల ఎక్స్‌రే తీయించేలోపు ఆయన రిపోర్టు చూడడం న్యాయం కూడా. కలయిక లేకుండా కనీసం రెండు రోజులు, మించితే ఏడు రోజులు ఉండి శాంపిల్ ఇవ్వాలి. గంటలోపు ల్యాబ్‌కి చేరాలి కాబట్టి, మీ ఊరి నుంచి పట్టుకెళ్లే బదులు ల్యాబ్‌లోనే ఇవ్వడం మంచిది. వచ్చిన మొదటి వారంలోనే చేయించండి. తేడా వస్తే మళ్లీ చేయాలంటారు, అప్పటికి సెలవు అయిపోకూడదు.

ఇంకో ముఖ్యమైన మాట. వీర్యకణం తయారవడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది. అంటే సంక్రాంతికి పనికొచ్చేవి ఇప్పటినుంచే తయారవుతాయి. సిగరెట్, ఖైనీ, మందు అలవాట్లుంటే ఈ రాత్రి ఫోన్‌లోనే మానమని అడగండి. మీరు కూడా ఫోలిక్ యాసిడ్ బిళ్ల గురించి డాక్టరుని అడిగి మొదలుపెట్టండి.

రెండో పెళ్లి మాటకి మీరు టెన్షన్ పడకండి. 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం భార్య ఉండగా చేసుకునే పెళ్లి చెల్లదు, నేరం కూడా. కాకపోతే ఈ సంగతి మీరు చెబితే గొడవవుతుంది. "ఇద్దరం చూపించుకుంటున్నాం, ఆ మాట ఇంక ఎత్తొద్దమ్మా" అని అత్తగారికి మీవారి చేతే ఫోన్ చేయించండి.