ప్లానింగ్ సీటీ మళ్లీ ఎందుకు తీయాలన్నారంటే

ఊపిరితిత్తి గడ్డకు రేడియేషన్ ఇవ్వడానికి, చిత్తూరులో తీసిన సీటీ ఉండగా తిరుపతిలో ప్లానింగ్ సీటీ అని మరొకటి తీసి, అదీ పనికిరాదని మీ నాన్నగారిని మళ్లీ రమ్మనడానికి కారణం బహుశా స్కాన్ సమయంలో ఆయన శ్వాస ఒకే తీరుగా లేకపోవడమే.

మొదటి సీటీ జబ్బును గుర్తించడానికి, రెండోది కిరణాలకు దారి గీయడానికి. ఊపిరితిత్తి కింది భాగంలోని గడ్డ శ్వాసతోపాటు సెంటీమీటరుకు మించి కూడా కదలవచ్చు. అందుకే ఫోర్‌డీ సీటీలో, అంటే కదలికను కూడా పట్టే స్కాన్‌లో, శ్వాసను సాధారణంగా 10 దశలుగా విడదీసి, గడ్డ కదిలే పరిధినంతా గుర్తించి, దాని చుట్టూ కొద్ది మిల్లీమీటర్ల అంచు మాత్రమే కలుపుతారు. శ్వాస ఎగుడుదిగుడైతే బొమ్మ చెదిరిపోతుంది. అంచు పెంచితే ఆరోగ్యకరమైన కణజాలం దెబ్బతింటుంది, తగ్గిస్తే గడ్డ కిరణాలకు అందకుండా పోతుంది. ఎస్‌బీఆర్‌టీలో, అంటే గడ్డకే గురిపెట్టి కొద్ది విడతల్లో ఇచ్చే రేడియేషన్‌లో, 50 గ్రే (రేడియేషన్ మోతాదు కొలమానం) వంటి పెద్ద మోతాదును 5 విడతల్లోనే ఇచ్చేస్తారు కనుక ఈ వాయిదా ఆయన మేలుకే.

చాలామంది వదిలేసేది శ్వాస సాధన. దానితో మొదలుపెట్టి మీరు చేయాల్సినవి ఇవి.

1. రోజూ కాసేపు వెల్లకిలా పడుకోబెట్టి, చేతులు తలపైకి పెట్టించి, మామూలు లోతులోనే నిదానంగా ఊపిరి తీయించండి. ఛాతీ ఉబ్బేలా పీల్చనివ్వకండి. సిబ్బంది చెబితే తప్ప బిగబట్టనివ్వకండి.
2. చేతులు పైన ఉంచితే భుజం లాగుతున్నా, పడుకుంటే దగ్గు తెరలు వస్తున్నా స్కాన్‌కు ముందే చెప్పండి. పొట్టపై ఒత్తుడు పట్టీ వంటి ఉపాయాలు వారి దగ్గర ఉంటాయి.
3. చికిత్స ముగిసిన కొన్ని నెలల్లోపు పొడిదగ్గు, ఆయాసం, జ్వరం వస్తే, ఊళ్లో ఏ డాక్టరుకు చూపించినా రేడియేషన్ తీసుకున్న సంగతి ముందుగా చెప్పి, తిరుపతి వైద్యులకూ వెంటనే తెలియజేయండి.