పాఠకుల ప్రశ్నలు: హోస్టింగ్ కొనే ముందు రెండో బిల్లు చూడండి

ప్రశ్న: మా సాహితీ మిత్రమండలి 18 ఏళ్లుగా ఒక త్రైమాసిక పత్రికను నడుపుతోంది. పాత సంచికలలోని కథలు, వ్యాసాలు కలిపి 600 దాకా ఉన్నాయి. వాటిని వెబ్‌సైట్‌లో పెట్టాలనుకుంటున్నాము. ఒక సంస్థ నెలకు 79 రూపాయలకే అన్‌లిమిటెడ్ హోస్టింగ్ ఇస్తామని, అయితే నాలుగేళ్ల సొమ్ము ముందే కట్టాలని అంటోంది. మాకు తెలిసిన మరొకరు వీపీఎస్ (మనకే విడిగా కేటాయించే వర్చువల్ సర్వర్) తీసుకోకపోతే సైటు నిలవదని, నెలకు 900 రూపాయలు అవుతుందని చెబుతున్నారు. మేము ఏడాదికి ఐదు వేలకు మించి పెట్టలేము. ఎవరి మాట వినాలి? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఇద్దరి మాటా వినకండి. హోస్టింగ్ అంటే సైటు ఫైళ్లను ఉంచడానికి ఇంటర్నెట్‌కు కలిపి ఉన్న కంప్యూటరులో (సర్వర్‌లో) తీసుకునే అద్దె చోటు. ముందు మీకు కావలసిన చోటు ఎంతో లెక్క చూద్దాం. యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలు ఇచ్చే ఉమ్మడి ప్రమాణంలో) రాసిన తెలుగును యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపరిచినప్పుడు ఒక్కో సంకేతానికి 3 బైట్లు పడతాయి. ‘క్ష’ మన కంటికి ఒక్క అక్షరమే అయినా కంప్యూటరుకు అది క, పొల్లు, ష అనే మూడు సంకేతాలు, అంటే 9 బైట్లు. ఇంత ఉదారంగా లెక్క వేసినా వెయ్యి మాటల కథ పాతిక కిలోబైట్ల దగ్గర ఆగుతుంది కాబట్టి, మీ 600 రచనలూ కలిపి సుమారు 15 మెగాబైట్లు అవుతాయి. పద్దెనిమిదేళ్ల శ్రమ అంతా ఫోనులో తీసిన నాలుగైదు ఫోటోలంత చోటులో ఇమిడిపోతుందన్నమాట. సంచికలను స్కాన్ చేసి పీడీఎఫ్‌లుగా కూడా పెట్టదలిస్తే, 72 సంచికలకు ఒక్కోదానికి 30 మెగాబైట్ల చొప్పున రెండు జీబీలు కొద్దిగా దాటుతుంది. దీనికి మామూలు షేర్డ్ హోస్టింగ్ (ఒకే సర్వర్‌ను పలు సైట్లు పంచుకునేది) ధారాళంగా సరిపోతుంది. వీపీఎస్ చెడ్డదని కాదు. దాని ఆపరేటింగ్ సిస్టమ్‌ను అప్‌డేట్ చేయడం, దొంగదాడుల నుంచి కాపాడడం చాలావరకు కొన్నవారి పనే అవుతుంది. మీ మండలిలో ఆ పని నెలనెలా చేసే మనిషి ఎవరో చెప్పలేనప్పుడు దాని జోలికి పోవద్దు.

అన్‌లిమిటెడ్ అనే మాట ప్రకటనలో ఉంటుంది, పరిమితులు నిబంధనల పత్రంలో ఉంటాయి. డిస్కు చోటుకు హద్దు లేదంటూనే ఫైళ్ల సంఖ్యకు (దీనినే ఐనోడ్ పరిమితి అంటారు), ప్రాసెసర్ వాడకానికి, ఏకకాలంలో నడిచే ప్రక్రియలకు హద్దులు పెడతారు. సైట్లు నడపడానికి చాలామంది వాడే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ ఒక్కో బొమ్మకు నాలుగైదు సైజులలో నకళ్లు తయారు చేస్తుంది కనుక చోటు కంటే ముందు ఫైళ్ల సంఖ్యే నిండవచ్చు. ఆ అంకె ఎంతో అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ఇక ధర సంగతి. నెలకు 79 చొప్పున 48 నెలలకు 3,792 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 4,475 దాకా అవుతుంది. అది నాలుగేళ్లకు కాబట్టి నిజంగానే చవక. అయితే అసలు బిల్లు ఐదో ఏట వస్తుంది. రెన్యువల్ ధర నెలకు 399 అనుకుందాం. అప్పుడు జీఎస్టీతో కలిపి ఏడాదికి 5,650 అవుతుంది, మీ బడ్జెట్ అక్కడికే దాటిపోతుంది, డొమైన్ (సైటు పేరు) ఖర్చు ఇంకా మిగిలే ఉంటుంది. పైగా సేవ నచ్చకపోతే డబ్బు వాపసు చేసే గడువు చాలా చోట్ల మొదటి 30 రోజులే. ఆరో నెలలో సైటు మొరాయిస్తే మిగిలిన 42 నెలల సొమ్ము ఎవరినీ అడగలేరు. నా సలహా ఏమిటంటే, మొదటి ఏడాదికీ తరువాతి ఏడాదికీ ధరలో పెద్ద తేడా లేని సంస్థను, నెలకు 150, 200 రూపాయలైనా సరే, ఒక్క ఏడాదికి మాత్రమే తీసుకోండి. నెలకు 200 అయితే పన్నుతో 2,832 రూపాయలు. డొమైన్‌కు వెయ్యి, పదిహేను వందలు కలిపినా మీ హద్దులోనే ఉంటారు. సైటుకూ చదివేవారికీ మధ్య సమాచారాన్ని గుప్తంగా ఉంచే ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్‌కు విడిగా డబ్బు అడిగే సంస్థను పక్కన పెట్టండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సేవ 2015 చివరి నుంచి వాటిని అందరికీ ఉచితంగానే ఇస్తోంది.

99.9 శాతం అప్‌టైమ్ (సైటు పనిచేసే సమయం) అని గొప్పగా చెబితే, 30 రోజుల నెలలో 43 నిమిషాలు సైటు ఆగినా మాట తప్పినట్లు కాదని అర్థం చేసుకోండి. 99 శాతమైతే అది 7 గంటల 12 నిమిషాలు. మాట తప్పినప్పుడు కూడా సాధారణంగా వచ్చే పరిహారం తరువాతి బిల్లులో కొంత తగ్గింపే. సాహిత్య పత్రిక 43 నిమిషాలు కనిపించకపోతే వచ్చే నష్టమేమీ లేదు. రచనలు పోతేనే నష్టం. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బోర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్ ఒకటి అగ్నిప్రమాదంలో కాలిపోయింది. బ్యాకప్ ఉన్నదని ధీమాగా ఉన్న కొందరు వినియోగదారులకు, ఆ బ్యాకప్ కూడా ఆ ప్రాంగణంలోనే ఉన్నదని అప్పుడు తెలిసింది. యూరప్‌లోని పెద్ద సంస్థల్లో ఒకదానికే ఇది తప్పలేదు కనుక, నెలకొకసారి ఫైళ్లను, డేటాబేస్‌ను మీ కంప్యూటరులోకి, అక్కడి నుంచి విడి హార్డ్ డిస్కులోకి దించుకునే బాధ్యతను ఒకరికి అప్పగించండి. ఆ కాపీతో సైటును మరొక చోట ఒకసారైనా తిరిగి నిలబెట్టి చూసేదాకా దానిని బ్యాకప్‌గా లెక్కించవద్దు.

ఏ సంస్థ అని పేరు అడుగుతారని తెలుసు. హోస్టింగ్ సంస్థలకు ర్యాంకులు ఇచ్చే సైట్లలో చాలా వాటికి, మీరు అక్కడి లింకు నొక్కి కొంటే కమిషన్ ముడుతుంది కాబట్టి ఆ జాబితాలను నమ్మవద్దు. దానికి బదులు, డబ్బు కట్టక ముందే ఒక ఆదివారం రాత్రి పది గంటలకు ఆ సంస్థ సహాయ విభాగానికి రాసి, పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ రాసిన ప్రోగ్రామింగ్ భాష) ఏ వెర్షన్ ఇస్తున్నారో, బ్యాకప్ నుంచి సైటును తిరిగి తెప్పించడానికి ఎంత తీసుకుంటారో అడగండి. జవాబు ఎంతసేపటికి వచ్చిందో, ప్రశ్నకే వచ్చిందో, అచ్చువేసి పెట్టుకున్న మాటలు పంపారో చూస్తే రేపటి పరిస్థితి అర్థమవుతుంది.

ఒక పక్క మాట. మీ పాత సంచికలు అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత పద్ధతి తెలుగు ఫాంట్లలో) డీటీపీ చేసినవై ఉంటే, హోస్టింగ్ కంటే పెద్ద పని వాటిని యూనికోడ్‌లోకి మార్చి ప్రూఫులు దిద్దడమే. మిగిలిన డబ్బు అక్కడ ఖర్చు పెట్టండి. వర్డ్‌ప్రెస్ వాడితే కథ వెబ్ చిరునామాను చిన్న ఇంగ్లీషు మాటలతో ఇవ్వండి. తెలుగు శీర్షికను అలాగే వదిలేస్తే ఆ చిరునామాలో ఒక్కో సంకేతం 9 ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, గుర్తులుగా మారుతుంది, వర్డ్‌ప్రెస్ 200 అక్షరాల వద్ద కోసేస్తుంది కాబట్టి పొడవైన పేరు సగంలో తెగిపోతుంది.

ప్రశ్న: మాది పచ్చళ్ల వ్యాపారం. కొనేవారిలో సగం మంది తెలంగాణలో, సగం మంది అమెరికాలో ఉన్నారు. సర్వర్ ఎక్కడ ఉండాలి? ఇప్పుడు సైటు చాలా నెమ్మదిగా తెరుచుకుంటోంది. – ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ముంబయిలోనో హైదరాబాద్‌లోనో ఉన్న సర్వర్ తీసుకుని, దాని ముందు సీడీఎన్ (పలు దేశాలలో సర్వర్లు ఉన్న పంపిణీ సేవ) పెట్టుకోండి. హైదరాబాద్ నుంచి అమెరికాకు 13 వేల కిలోమీటర్లు అనుకుంటే, ఫైబర్‌లో సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోయే కాంతికి కూడా రానూపోనూ 130 మిల్లీసెకన్లు పడుతుంది. పేజీ తెరుచుకోవడానికి అలాంటి ప్రయాణాలు చాలా కావాలి. సీడీఎన్ మీ బొమ్మల నకళ్లను కొనేవారికి దగ్గరలో ఉంచుతుంది. క్లౌడ్‌ఫ్లేర్ వంటి సంస్థలు దీనిని ఉచితంగా కూడా ఇస్తున్నాయి. అయితే సర్వర్ మార్చే ముందు ఆవకాయ జాడీ ఫోటో ఎన్ని మెగాబైట్లు ఉన్నదో చూడండి. కెమెరా నుంచి దించిన నాలుగు మెగాబైట్ల బొమ్మను అలాగే ఎక్కిస్తే ఏ సర్వరూ ఏమీ చేయలేదు. ఆర్డర్ అందినట్లు పంపే మెయిళ్లు స్పామ్‌లోకి పోతుంటే, ఆ మెయిల్ నిజంగా మీ నుంచే వచ్చిందని చూపే ఎస్పీఎఫ్, డీకిమ్ రికార్డులు పెట్టించమని హోస్టింగ్ సంస్థను అడగండి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఈ విషయంలో నియమాలను కఠినం చేసింది.

ప్రశ్న: మా ట్యుటోరియల్ వెబ్‌సైట్ పోయిన వారం మాయమైంది. డొమైన్, హోస్టింగ్ రెండూ సైటు తయారుచేసిన డిజైనరే తన ఖాతాలో కొన్నాడు. ఇప్పుడు ఫోను తీయడం లేదు. – ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: వెంటనే హూయిజ్ లేదా ఆర్‌డీఏపీ (డొమైన్ వివరాలు చూపే సేవలు) వెతుకులాటలో మీ డొమైన్ పేరు వేసి, గడువు ఏ రోజున ముగిసిందో, ఏ రిజిస్ట్రార్ (డొమైన్ పేర్లు అమ్మే సంస్థ) దగ్గర ఉన్నదో చూడండి. డాట్ కామ్ అయితే గడువు ముగిశాక రిజిస్ట్రార్ ఇష్టాన్ని బట్టి 45 రోజుల దాకా మామూలు ధరకు రెన్యువల్ చేయవచ్చు. తరువాతి 30 రోజులలో పెద్ద జరిమానా కట్టి వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆపైన 5 రోజులకు ఆ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. మీకింకా సమయం ఉన్నది. అయితే రికార్డులో యజమానిగా డిజైనర్ పేరే ఉంటే రిజిస్ట్రార్ అతని మాటే వింటాడు కనుక, ముందు అతని బాకీ ఏమైనా ఉంటే తీర్చి, రెన్యువల్ చేయించి, మీ పేరున ఖాతా తెరిచి అక్కడికి మార్చమని రాతపూర్వకంగా అడగండి. రిజిస్ట్రార్‌నే మార్చాలంటే బదిలీ కోడ్ కావాలి. కొత్తగా కొన్న పేరును మొదటి 60 రోజులలో సాధారణంగా మార్చనివ్వరు.

డిజైనరును తిట్టే ముందు నా అనుభవం ఒకటి చెబుతాను. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 2021 అక్టోబరు 1 నుంచి, మనం ముందుగా అనుమతి నమోదు చేయనిదే కార్డు నుంచి ఆటోమేటిక్ చెల్లింపులు జరగవు. విదేశీ సంస్థ ఒకదాని దగ్గర నేను కొన్న డొమైన్‌కు డబ్బు దానంతట అదే పోతుందని నిశ్చింతగా ఉన్నాను. కార్డు తిరస్కరణకు గురైంది. గడువు ముగిశాక వాళ్లు పంపిన హెచ్చరికలన్నీ ఆ డొమైన్ మీదే నడిచే మెయిల్ చిరునామాకు వెళ్లాయి, డొమైన్ ఆగిపోయింది కనుక అవి నాకు చేరనే లేదు. అందుకని మీ కొత్త ఖాతాకు మెయిల్ చిరునామా ఇచ్చేటప్పుడు ట్యుటోరియల్ పేరుతో ఉన్నది కాకుండా జీమెయిల్ వంటి వేరే చిరునామా ఇవ్వండి, ఫోను నంబరు మీది ఇవ్వండి, గడువు తేదీని ఆఫీసు గోడ క్యాలెండరు మీద రాసిపెట్టండి.