ఒక్కదాన్నే బెర్గెన్ వెళ్ళొచ్చా: బోరు కొడుతుందా, తిండి ఎలా?

మీ ప్రశ్న ఇది: జర్మనీలో ఉద్యోగం, తోడు వచ్చేవాళ్ళు ఎవరూ కుదరలేదు, శని ఆదివారాలకు కోపెన్‌హాగన్, స్టాక్‌హోమ్, నార్వేలోని బెర్గెన్‌లలో ఏదో ఒక ఊరికి ఒక్కదాన్నే వెళ్దామనుకుంటున్నా, బోరు కొడుతుందా, భయమా, తిండి సంగతేమిటి, చలి కోటు కొనుక్కోవాలా?

మూడూ మంచి ఊళ్ళే. నేను ఒంటరిగా వెళ్ళింది మాత్రం బెర్గెన్, రెండేళ్ళ కింద, జూన్ మొదటి వారంలో. నాదీ మీలాంటి కథే. హాంబర్గ్‌లో ఉద్యోగం, వస్తామన్న ఇద్దరు స్నేహితురాళ్ళు బుధవారం చేతులెత్తేశారు, టికెట్ డబ్బులు వెనక్కి రావు.

రెండు రోజులకైతే నా ఓటు బెర్గెన్‌కే. స్టాక్‌హోమ్ 14 దీవుల మీద పరుచుకున్న ఊరు. ఏ దీవికి వెళ్ళాలో తేల్చుకునేలోపే శనివారం అయిపోతుంది. కోపెన్‌హాగన్‌లో కాలవ ఒడ్డున ఆ రంగురంగుల ఇళ్ళ ముందు అందరూ జంటలుగానో గుంపులుగానో కూర్చుని కనిపిస్తారు, మొదటిసారి ఒంటరిగా వెళ్ళినవాళ్ళకు అది కాస్త గుచ్చుకుంటుంది. బెర్గెన్ చిన్నది. ఎదురుగా రేవు, వెనక కొండ, మధ్యలో ఊరు. దారి తప్పినా పల్లానికి నడిస్తే నీళ్ళ దగ్గరికే వస్తారు.

భయం సంగతి తేలిగ్గానే చెప్పేస్తా. జూన్‌లో అక్కడ పొద్దుగూకేసరికి దాదాపు పదకొండవుతుంది. రాత్రి పది గంటలకు రేవు పక్కన ముసలమ్మలు కుక్కలను తిప్పుతుంటారు. మన జాగ్రత్తలో మనం ఉంటే చాలు. పగలు బోరు కూడా కొట్టదు. నన్ను ఇబ్బంది పెట్టింది రాత్రి భోజనం వేళ. దీని గురించి నాకు ఎవరూ ముందు చెప్పలేదు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

శుక్రవారం సాయంత్రం దిగాను. విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి ట్రామ్ ఉంది, ముప్పావుగంట పడుతుంది. బస్సు కన్నా చవక. ఆ ట్రామ్‌లో ఒక ముచ్చట ఉంది: ఒక్కో స్టాప్‌కు ఒక్కో చిన్న రాగం మోగుతుంది, ఆ తర్వాతే స్టాప్ పేరు చెబుతారు. నార్వే భాష ఒక్క ముక్క రాకపోయినా, ఆదివారానికి నేను దిగాల్సిన స్టాప్ రాగం నాకు నోటికొచ్చేసింది.

శనివారం లేచేసరికి ముసురు. ఊరి చుట్టూ ఏడు కొండలు, ఇటు అట్లాంటిక్ నుంచి వచ్చే తడి గాలి. ఆ గాలి కొండలకు కొట్టుకుని అక్కడే కురిసిపోతుంది. ఏడాదిలో 200 రోజులకు పైనే వాన. మే, జూన్ నెలలు కాస్త నయమని చదివి వెళ్ళాను. కాస్త నయమంటే అదన్నమాట. వాన తగ్గాక బయల్దేరదామని హాస్టల్ కిటికీ దగ్గర గంటన్నర కూర్చున్నాను. మీరు ఆ పొరపాటు చేయకండి. అక్కడ వాన తగ్గడమనేది ఉండదు, మనం బయల్దేరడమే.

బ్రిగ్గెన్ అంటే రేవు ఒడ్డున వరసగా నిలబడిన చెక్క ఇళ్ళు. ఎరుపు, పసుపు, తెలుపు ముఖాలతో ఫోటోల్లో కనిపించేవి అవే. 1979 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నాయి. అందరూ ఎదుట నిలబడి ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. మీరు మాత్రం రెండు ఇళ్ళ మధ్య సందులోకి దూరండి. నేల మీద చెక్క పలకలు, అడుగేస్తే కిర్రుమంటాయి. పైన అటు వసారా, ఇటు వసారా దగ్గరదగ్గరగా వంగి ఉంటాయి, ఆకాశం ఒక చీలికలా కనబడుతుంది. ఒక్క గోడా నిటారుగా లేదు. వానకు నానిన పాత కర్ర వాసన, దాంట్లో కొంచెం తారు వాసన. ఎండ రోజున ఆ వాసన అంత ఉండదేమో, ముసురు మేలే చేసింది. 1702లో మొత్తం తగలబడితే మళ్ళీ అదే పాత పద్ధతిలో కట్టుకున్నారట.

నాది బందరు. అందుకని ఆ సందులో నన్ను పట్టుకున్నది ఎండు చేప. 1360 ప్రాంతం నుంచి ఉత్తర జర్మనీ వర్తకులు, అంటే ఇప్పుడు నేనుంటున్న వైపు వాళ్ళే, ఇక్కడ కొట్లు పెట్టుకుని కూర్చున్నారు. హాన్సా వర్తకులంటారు. ఉత్తరాన లోఫోటెన్ దీవుల్లో కాడ్ చేపను కర్ర పందిళ్ళ మీద వేలాడదీసి ఎండబెడతారు. మనలా ఉప్పు పట్టించరు, చలిగాలే చాలు. కట్టెలా బిగిసిపోతుంది. ఆ చేపను బెర్గెన్‌లో కొని, బదులుగా ధాన్యం, పిండి ఇచ్చి, యూరప్ అంతా అమ్ముకున్నారు. వాళ్ళ సంఘం ముద్రలో ఒక సగం గద్ద, రెండో సగం కిరీటం పెట్టుకున్న ఎండు చేప. డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు మా బందరులో గిడ్డంగులు కట్టింది బట్టల కోసం. మా ఎండు చేపకు ఎవరూ కిరీటం పెట్టలేదు, పైగా వండితే పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకుంటారు.

సరిగ్గా అప్పుడే అమ్మ ఫోన్. "ఒక్కదానివే అక్కడేం చేస్తున్నావే?" అంది. ఎండు చేపలు చూస్తున్నానన్నాను. "దానికి అంత దూరం వెళ్ళాలా, గిలకలదిండి వెళ్తే సరిపోయేది కదా!" అంది. మా బందరు చేపల రేవు అది.

ఇక ఆ రాత్రి. ఏడింటికి రేవు పక్కన బాగున్న హోటల్ ఒకటి చూసి లోపలికి వెళ్ళాను. "ఒక్కరేనా?" అని రెండుసార్లు అడిగి, బాత్రూమ్ తలుపు పక్కన ఉన్న టేబుల్ చూపించారు. కిటికీ దగ్గర రెండు టేబుళ్ళు ఖాళీగానే ఉన్నాయి. అడగాల్సింది, నోరు రాలేదు. చేపల సూప్ తెప్పించుకున్నా. బెర్గెన్ సూప్‌కు పేరుంది, నిజంగానే బాగుంది. మీగడ, చేప ముక్కలు, కాస్త పులుపు. కానీ ఎదుట మనిషి లేకపోతే చేతులు ఏం చేయాలో తెలియదు చూడండి. ఫోన్ తీయడం, పెట్టడం, మళ్ళీ తీయడం. తలుపు తెరుచుకున్నప్పుడల్లా గాలి. పావుగంటలో తినేసి, 300 క్రోనర్లకు పైగా కట్టి బయటపడ్డాను. బయట ఇంకా పట్టపగల్లా వెలుతురు, ఇంకో నాలుగు గంటల సాయంత్రం మిగిలి ఉంది. ఆ నాలుగు గంటలూ చాలా పొడుగ్గా గడిచాయి, దాచను. గదికొచ్చి దుప్పటి కప్పుకుని తిరుగు టికెట్ ఆదివారానికి మార్చుకోవచ్చా అని కూడా చూశాను.

ఆదివారం పొద్దున కొండెక్కాను. ఫ్లోయెన్ కొండకు 1918 నుంచి తాడు రైలు ఉంది, ఐదారు నిమిషాల్లో పైకి చేరుస్తుంది. నేను నడిచే వెళ్ళాను. ఎత్తు 320 మీటర్లే, ఆగుతూ ఆగుతూ గంట పట్టింది. పిల్లలను తోపుడు బండ్లలో పెట్టుకుని తల్లులు నన్ను దాటుకుంటూ పోయారు, సిగ్గేసింది. పైన ఊరంతా కనిపించే చోట జనం ఉంటారు. వెనక అడవి దారిలోకి నాలుగడుగులు వేస్తే ఎవరూ ఉండరు. తెల్లటి కశ్మీరీ మేకలు మాత్రం మెడకు పట్టీలతో తిరుగుతుంటాయి. ఒకటి వచ్చి నా వాన కోటు తాడు నమలసాగింది. రెండు రోజుల్లో నేను గట్టిగా నవ్వింది అప్పుడే.

మధ్యాహ్నం దిగి, సెయింట్ మేరీ చర్చి పక్కన ఉన్న స్యోట్‌స్టూఎనె అనే పాత సమావేశపు గదులు చూశాను. మీరు వెళ్తే ఇది మాత్రం వదలొద్దు. అప్పట్లో బ్రిగ్గెన్ చెక్క ఇళ్ళలో నిప్పు నిషేధం. అంత చలిలో పొయ్యి లేదు, చలిమంట లేదు. అక్కడి జర్మన్ వర్తకులు, గుమాస్తాలు, పని నేర్చుకునే కుర్రాళ్ళు అందరూ పెళ్ళి చేసుకోకుండా ఉండాల్సిందే, అది సంఘం నియమం. అంటే ఊరుకాని ఊళ్ళో ఒంటరి మగవాళ్ళు, వందలమంది. వాళ్ళకోసం ఇళ్ళకు ఎడంగా కట్టినవే ఈ గదులు. ఇక్కడ మాత్రమే పొయ్యి, ఇక్కడే వంట. పొడవాటి బల్లలకు అటూ ఇటూ కూర్చుని చలికాలమంతా కలిసి తిన్నారు. నేనొక్కదాన్నే ఆ బల్ల చివర కాసేపు నిలబడ్డాను. శనివారం నాకు చూపించిన టేబుల్ గుర్తొచ్చింది.

ఆ రాత్రి హోటల్ జోలికి పోలేదు. ఆదివారం దుకాణాలు మూసేస్తారు, జర్మనీలో ఉన్నాం కాబట్టి మనకు అలవాటే. శనివారమే సూపర్‌మార్కెట్‌లో బియ్యం, గుడ్లు, వెన్న తెచ్చిపెట్టుకున్నాను. హాస్టల్ వంటగదిలో అన్నం వండి, బ్యాగ్‌లో ఎప్పుడూ ఉండే కందిపొడి డబ్బా తీసి, వేడన్నంలో వెన్న వేసుకుని కలుపుతున్నా. నార్వే వెన్న నెయ్యికి తీసిపోలేదు. ఎదురుగా అరవై దాటిన ఒకావిడ, ఉత్తరం వైపు నుంచి వచ్చిన రిటైరైన టీచరట, చేత్తో కలపడం చూసి "అదేమిటి?" అని అడిగింది. ఒక ముద్ద ఆమె ప్లేటులో పెట్టాను. కారానికి కళ్ళు తుడుచుకుంటూనే మళ్ళీ కొంచెం అడిగింది. బదులుగా గోధుమ రంగు చీజ్‌ను పల్చగా గీరి రొట్టె మీద వేసి ఇచ్చింది. బ్రూనోస్ట్ అంటారు, పాల విరుగుడు నీళ్ళను రంగు తిరిగేదాకా మరిగించి చేస్తారు. చీజ్ అనుకుని కొరికితే నోట్లో కోవా. సరిగ్గా చెప్పాలంటే కొంచెం అడుగంటిన కోవా, పైన చిటికెడు ఉప్పు. మాకు ఎండు చేపలతో వంకాయ కూర ఉందని చెప్పాను. వాళ్ళ అమ్మ ఎండు చేపను సుత్తితో కొట్టి మెత్తబరిచేదని ఆమె చెప్పింది. పదిన్నరయింది. ఆ సాయంత్రం నేను గడియారం చూడలేదు.

కాబట్టి గది తీసుకునేటప్పుడు వంటగది ఉన్న హాస్టలే చూసుకోండి, సొంత గదే కావాలన్నా దొరుకుతుంది. హోటల్‌లో తినాలనిపిస్తే మధ్యాహ్నం తినండి, ఆ వేళ ఒంటరిగా తినేవాళ్ళు చాలామంది ఉంటారు. కిటికీ టేబుల్ నోరు తెరిచి అడగండి. చేపల బజారు చూసి రండి, తినడం మాత్రం వద్దు, అన్నీ టూరిస్టు ధరలు. నగదు మార్చుకునే పని పెట్టుకోకండి, నేను ఒక్క క్రోనర్ నోటు కూడా చూడకుండా వచ్చాను.

జూన్‌లో అయితే చలి కోటు అక్కర్లేదు, లోపల ఒక స్వెటర్ చాలు. టోపీ ఉన్న వాన కోటు, నీళ్ళు దూరని బూట్లు కొనుక్కోండి. గొడుగు తీసుకెళ్ళకండి. నాది శనివారం పదిన్నరకు రేవు మలుపులో గాలికి తిరగబడింది. పక్కనే ఉన్న చెత్తబుట్టలో పడేద్దామని మూత తెరిస్తే లోపల అప్పటికే మూడున్నాయి.