నాన్నగారి చాకు నల్లబడింది, రుద్ది మెరిపించమంటారా?

పోయిన నెల ఈ పేజీలో జేబులో పెట్టుకునే మడత చాకుల గురించి, ఆదివారాలు బీచ్‌లో కలుసుకునే మా చాకుల జట్టు గురించి రాశాను. షిప్‌యార్డు టూల్‌రూమ్‌లో పనిచేసినన్నాళ్లూ, రిటైరయ్యాక కూడా చాకు నా జేబులోనే ఉంది. అందుకే ఆ వ్యాసం చాలా ఇష్టంగా రాశాను, వచ్చిన ఉత్తరాలను అంతకంటే ఇష్టంగా చదివాను. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

మా నాన్నగారు సరుకు ఓడల్లో పనిచేశారు. ఆయన పోయాక పెట్టెలో చెక్క పిడి ఉన్న మడత చాకు దొరికింది. బ్లేడు మీద చెయ్యి, కిరీటం గుర్తు ఉంది. బ్లేడంతా నల్లటి మచ్చలు. వానాకాలంలో అసలు తెరుచుకోదు. గరుకు కాగితంతో రుద్ది కొత్తదానిలా చేద్దామనుకుంటున్నాను. చేయొచ్చా? – ఒక పాఠకుడు, పెదవాల్తేరు

రుద్దకండి బాబూ. ఈ ఉత్తరం చదివిన వెంటనే పెన్ను తీశాను, ఈలోగా మీరు ఆ పని చేసేస్తారేమోనని.

దీవిస్తున్నట్టు పైకెత్తిన చెయ్యి, దానిమీద కిరీటం ఉంటే అది ఫ్రాన్సు వాళ్ల ఒపినెల్ చాకు. ఆల్ప్స్ కొండల్లోని సవోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ అనే ఆయన 1890లో వీటిని చేయడం మొదలుపెట్టారు. ఆ గుర్తు 1909లో వచ్చింది. బ్లేడు మొదట్లో చేత్తో తిప్పే ఇనప రింగు ఉందేమో చూడండి. ఆ రింగు 1955లో వచ్చింది కాబట్టి, అది ఉంటే చాకు ఆ తర్వాతదే. చాకు మూసి ఉన్నప్పుడు కూడా రింగు తిప్పి బిగించగలిగితే 2000 నుంచి వస్తున్న రకం. నాన్నగారు ఏయే ఏళ్లలో ఓడల మీద ఉన్నారో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, దీనితో కలిపి చూసుకోండి. ఆయన దాన్ని సుమారుగా ఎప్పుడు కొనుక్కున్నారో తెలుస్తుంది.

ఇక నలుపు సంగతి. ఒంటినిండా అలా నల్లబడిందంటే అది కార్బన్ స్టీలు, అంటే తుప్పుపట్టే పాతరకం ఉక్కు. పండ్లలోని పులుపు, ఉల్లిపాయ రసం తగిలినకొద్దీ ఆ ఉక్కు మీద పలచగా ఒక నల్లటి పొర కడుతుంది. అది తుప్పు కాదు. నిజానికి ఎర్ర తుప్పును కొంతవరకు ఆపేది అదే. తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డకు ఎర్రటి పొడి అంటితే ఆ చోట మాత్రం తుప్పు ఉన్నట్టు. అక్కడ నూనె చుక్క వేసి, కాసేపు ఆగి, మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలావరకు పోతుంది. మిగతా నలుపును ముట్టుకోవద్దు. మీ నాన్నగారు ఏ రేవులో యాపిల్ కోసుకున్నారో, సెలవుకి ఇంటికి వచ్చినప్పుడు ఏ మామిడికాయ చెక్కు తీశారో, ఆ మచ్చలన్నీ వాటివే. గరుకు కాగితంతో పది నిమిషాల్లో అవి పోతాయి. మళ్లీ తెచ్చుకోవడం మీ వల్లా కాదు, నా వల్లా కాదు.

తెరుచుకోకపోవడానికి కారణం పిడి. అది బీచ్ అనే చెట్టు కలప. మన ఊరి తేమకి ఉబ్బి బ్లేడును పట్టేస్తుంది. పటకారు పెట్టి లాగకండి. రింగు తెరిచి ఉంచి, పిడి వెనక చివరను చెక్క బల్ల మీద టక్కున తట్టండి. బ్లేడు మొన కాస్త బయటికి వస్తుంది, అప్పుడు గోటితో పట్టి తీయొచ్చు. సవోయ్ వాళ్లు కూడా ఇలాగే చేస్తారు. తర్వాత కొన్నాళ్లు నీడలో, ఫ్యాను గాలికి ఆరనివ్వండి. ఎండలో పెడితే పిడి పగులుతుంది. నీళ్లలో మాత్రం ఎప్పుడూ నానబెట్టకండి.

మడత దగ్గర ఒక చుక్క కుట్టుమిషను నూనె వేయండి. పండు కోసే ముందు బ్లేడు బాగా తుడుచుకోండి. ఆ తర్వాత దాన్ని వాడండి. మళ్లీ పెట్టెలో పెట్టేయకండి. పెదవాల్తేరులో కిటికీ ఊచలు ఉప్పుగాలికి ఏమవుతాయో మీకు తెలియనిది కాదు. రోజూ చేతిలో మెదిలి, తుడిచి మడిచే చాకుకి ఆ గతి పట్టదు.

సైకిల్ మీద వచ్చే సాన మనిషికి నా చాకు ఇస్తే ఆ రోజు బ్రహ్మాండంగా తెగుతుంది. వారం తిరిగేసరికి మొండి. ఎందుకు? – కంచరపాలెం

ఆయన చెయ్యి మంచిదే. కత్తిపీట, కొడవలి నిశ్చింతగా ఇవ్వండి. జేబు చాకు మాత్రం వద్దు. దాని అంచు చాలా పలచన. వేగంగా తిరిగే పొడి చక్రానికి ఆనిస్తే క్షణంలో వేడెక్కిపోతుంది. అంచు నీలంగా మారిందంటే వేడి దాదాపు 300 డిగ్రీలకు చేరినట్టు. మామూలు కార్బన్ స్టీలుకి అక్కడ టెంపర్, అంటే కాల్చి తెచ్చిన గట్టిదనం, దిగిపోతుంది, ఉక్కు మెత్తబడుతుంది. మెత్తటి అంచుకి ఎంత పదును పెట్టినా నిలవదు.

పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల హార్డ్‌వేర్ దుకాణాల్లో రెండు వైపులా వాడే కార్బొరండం సానరాయి అడగండి. ఒక వైపు గరుకు, ఒక వైపు నునుపు ఉంటుంది. నీళ్లు చల్లి వాడాలి. బ్లేడును రాయి మీద నిట్టనిలువుగా పెట్టి, అందులో సగానికి, మళ్లీ అందులో సగానికి వంచండి. అది సుమారు 22 డిగ్రీలు, అంత చాలు. అంచు పొడవునా మార్కర్ పెన్నుతో రంగు పూసి రెండుసార్లు రుద్ది చూడండి. రంగు అంచు దగ్గర పోతే వంపు సరిగ్గా ఉంది. పైన పోయి అంచు దగ్గర మిగిలితే చాకు వీపును కొంచెం పైకి లేపాలి. టూల్‌రూమ్‌లో కుర్రాళ్లకు నేను ఇదే నేర్పేవాణ్ణి.

ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయి చాకు కొనమంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి, ఎం.వి.పి. కాలనీ

కొనండమ్మా, కానీ అది ఇంట్లోనే ఉండాలి. బడి సంచిలోకి వెళ్లకూడదు, ఈ ఒక్క విషయంలో బేరం లేదు. మొదటి నెల మీ ఎదుటే వాడాలి. పెన్సిలు చెక్కినా, కొమ్మ చెక్కినా బ్లేడు ఒంటికి దూరంగా కదలాలి. ఇంకొకరికి ఇవ్వాలంటే మడిచి బల్ల మీద పెట్టాలి, వాళ్లు తీసుకోవాలి. మా అమ్మ కత్తి ఎప్పుడూ చేతికి ఇచ్చేది కాదు, కింద పెట్టేది. పదును లేనిది కొంటే క్షేమం అనుకోకండి. మొండి చాకుకి బలం ఎక్కువ పెట్టాలి, అప్పుడే జారి తెగుతుంది.

జేబులో చాకుతో తిరిగితే పోలీసులు పట్టుకుంటారా? – గాజువాక

ఆయుధ చట్టం 1959 కింద వచ్చిన నిబంధనల్లో 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు బ్లేడు ఉన్న కత్తులను ఆయుధాల జాబితాలో చేర్చారు. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు చేసినవాటికి మినహాయింపు ఉంది. పండు కోసుకునే మూడంగుళాల చాకు ఆ కొలతకు చాలా దూరం. అయినా ఎన్నికలప్పుడు, నిషేధాజ్ఞలు ఉన్నప్పుడు ఇంట్లో వదిలేయండి. విమానంలో చేతి సంచిలోకి అనుమతి లేదు, చెకిన్ సామానులో వేయాలి. జేబులో ఉన్న సంగతి మరిచిపోయి విమానాశ్రయం గేటు దాకా వెళ్లి చాకు పోగొట్టుకున్నవాళ్లు మా స్నేహితుల్లో ఉన్నారు. బటన్ నొక్కితే ఎగిరి తెరుచుకునే చాకుల గురించి కూడా అడిగారు. వాటి జోలికి వెళ్లకండి. అవి భయపెట్టడానికి చేసినవి, నేను మాట్లాడేది పనిచేసే చాకుల గురించి.

మా అల్లుడుగారు స్విస్ ఎర్ర చాకు బహుమతిగా ఇచ్చారు. అందులో మెలికల తీగలాంటిది ఉంది. మనకు దేనికి పనికొస్తుంది? – సీతమ్మధార

అది సీసా బిరడా తీసేది. మన ఇళ్లలో దానికి ఇంకో పని ఉంది. గోనె సంచి ముడి, బూటు లేసు ముడి బిగుసుకుపోతే దాని మొన దూర్చి తిప్పండి, ముడి వదులవుతుంది. కొన్ని రకాల్లో ఆ మెలికలోనే బుల్లి స్క్రూడ్రైవరు ఉంటుంది, కళ్లజోడు మరలకి సరిగ్గా సరిపోతుంది.

బ్లేడు మీద విక్టోరినాక్స్ అని ఉంటే ఆ పేరు వెనక ఒక కొడుకు ప్రేమ ఉంది. కార్ల్ ఎల్సెనర్ 1884లో స్విట్జర్లాండులోని ఇబాక్‌లో కత్తుల పని పెట్టారు. 1891లో అక్కడి సైన్యానికి చాకులు ఇవ్వడం మొదలుపెట్టారు, 1897లో ఆఫీసర్ల చాకు తెచ్చారు. 1909లో తల్లి విక్టోరియా కన్నుమూశాక ఆవిడ పేరే సరుకుకి పెట్టుకున్నారు. తుప్పుపట్టని ఉక్కు వచ్చాక, 1921లో ఆ పేరుకి ‘ఇనాక్స్’ చేరింది, ఫ్రెంచిలో ఆ ఉక్కుని అలాగే అంటారు. అల్లుడుగారికి ఈ కథ చెప్పండి, సంతోషిస్తారు.

మీ ఆదివారం జట్టులో అంతసేపు ఏం మాట్లాడుకుంటారు? చాకుల గురించి అంత చెప్పుకోవడానికి ఏముంటుంది? – విజయనగరం

చాలా ఉంటుందండీ. ఆర్.కె. బీచ్‌లో కాళీమాత గుడి దాటాక కూర్చుంటాం. ముంత మసాలా బండి అబ్బాయి పచ్చిమామిడి తరుగుతుంటే మొదట అతని చెయ్యి చూస్తాం. అంత సన్నగా మాలో ఎవరం తరగలేం.

మాలో ఓడ సరంగుగా చేసినాయన ఉన్నారు. ఆయన చాకుకి మొన ఉండదు, చివర మొద్దుగా వంగి ఉంటుంది. ఊగే ఓడ మీద పక్కవాడికి గుచ్చుకోకుండా అలా చేస్తారట. రెండో వైపు సన్నటి ఇనప సీల ఉంటుంది, తాడు పురులు విడదీసి అల్లడానికి. ఆయన తాడు అల్లుతూ మాట్లాడుతుంటే చీకటి పడిన సంగతి తెలియదు. భీమిలి నుంచి ఒక బోటనీ మేడమ్ వస్తారు. ఆవిడది మామిడి అంట్లు కట్టే చాకు. దానికి ఒక వైపే పదును, కోత చదునుగా వచ్చి కొమ్మ, అంటు గాలి దూరకుండా అతుక్కోవాలని. ఆవిడ కట్టిన అంటు ఒకటి మా పెరట్లో కాపుకి వచ్చింది.

అప్పుడప్పుడు ఎవరో ఒకరు పాత చాకు తీసి మధ్యలో పెడతారు. ‘ఇది మా తాతగారిది, తమలపాకు ఈనెలు దీనితోనే తీసేవారు’ అంటారు. అందరం ఒకరి తర్వాత ఒకరం చేతిలోకి తీసుకుని తెరిచి చూస్తాం. మూసినప్పుడు టక్‌మని చప్పుడు వస్తే లోపల కమాను, అదే స్ప్రింగు, బాగున్నట్టే. ఆ తర్వాత మాట తాతగారి మీదికి మళ్లుతుంది, ఆయన ఊరి మీదికి, ఆ ఊరి సంత మీదికి.

మీరూ విశాఖ వచ్చినప్పుడు రండి. ఖరీదైన చాకు అక్కర్లేదు. మడత దగ్గర పిన్ను వదులై, ఇంట్లో పక్కన పడేసింది ఉంటే తీసుకురండి. చిన్న సుత్తి నా సంచిలో ఉంటుంది, అక్కడే బిగించి ఇస్తాను.