తోక ఉందా, లేదా?

ప్రశ్న: తేని జిల్లా మేఘమలై కొండల్లో మాకు నాన్నగారి నుంచి వచ్చిన కాఫీ, యాలకుల తోట ఉంది. పట్టా భూమి. 2022 మార్చిలో తోటలోని రాతి గుహలో గబ్బిలాలకు కూలీలు పొగపెట్టి, కొన్నింటిని కొట్టి చంపారు. ఉబ్బసానికి మందని మాంసం పట్టుకెళ్ళారు. నేను దగ్గరే ఉండి ఫోన్లో ఫొటోలు తీశాను. ఇప్పుడు అది అరుదైన గబ్బిలమని అటవీశాఖ నోటీసు ఇచ్చింది, వాంగ్మూలం మీద సంతకం తీసుకుంది; నేను చదవలేదు, నకలూ తీసుకోలేదు. మూడేళ్ళు దాటాక కేసు చెల్లుతుందా? పాతిక వేలు కడితే రాజీ అయిపోతుందని ఒకాయన, ఫొటోలు చెరిపేసి గుహ మూతి సిమెంటుతో మూసేయమని మా గుమాస్తా అంటున్నారు. నాన్నగారు పోయి, అప్పుల్లో ఉన్న ఇంటికి ఇదేం శాస్తి?

జవాబు: అప్పుల సంగతి కోర్టు అడగదు. తేలాల్సింది ఒక్కటే: చచ్చింది ఏ గబ్బిలం?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అప్పట్లో పళ్ళు తినే గబ్బిలాలు కాకులు, ఎలుకలతో పాటు ఐదో షెడ్యూల్లో, హానికర జీవులుగా ఉండేవి. చంపినా నేరం కాదు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ జాబితా లేదు. అయినా సంఘటన జరిగిన రోజు చట్టమే మీకు వర్తిస్తుంది. రాజ్యాంగం 20(1) అధికరణం ఉన్నది అందుకే. చిక్కల్లా సలీం అలీ పళ్ళ గబ్బిలంతో. అది అప్పటికే ఒకటో షెడ్యూల్లో, పులి సరసన ఉంది. దక్షిణ పశ్చిమ కనుమల్లో కొద్ది చోట్ల తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. పగలు గుహల్లో వేలాడుతుంది, రాత్రి అడవి అత్తిపళ్ళు తిని గింజలు దూరదూరంగా వదులుతుంది. మొదటి నమూనా 1948లో దొరికింది మీ కొండల్లోనే. కాబట్టి అటవీశాఖ అనుమానం గాలిలోంచి పుట్టింది కాదు.

అదే అయితే కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఏడేళ్ళు జైలు. మూడేళ్ళ గడువు మూడేళ్ళు మించని శిక్షలున్న నేరాలకే (నాగరిక్ సురక్షా సంహిత 514, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 468). దీనికి గడువే లేదు. మామూలు గబ్బిలమైతే నేరమే లేదు, ఇక గడువు ఊసెందుకు? ఎటు చూసినా మీ ‘మూడేళ్ళ’ వాదన పనికిరాదు.

ఇక సాక్ష్యం. పెద్ద గుర్తు తోక. మన ఊళ్ళలో తాటాకుల మాటున వేలాడే చిన్న పళ్ళ గబ్బిలానికి పొట్టి తోక, చెవి అంచుల్లో తెల్లటి గీత ఉంటాయి. గుహల్లో ఉండే రూసెట్టస్ అనే మరో పళ్ళ గబ్బిలానికీ తోక ఉంటుంది. సలీం అలీ గబ్బిలానికి బయటికి తోక కనబడదు. ఆ 1948 నమూనాకే మామూలు గబ్బిలమని చీటీ కట్టారు. వేరే జాతి అని 1972లో కిట్టి థాంగ్‌లాంగ్యా తేల్చేదాకా అలాగే పడి ఉంది. మ్యూజియంలోనే పొరబడ్డప్పుడు, పంచనామాలో ‘అరుదైన గబ్బిలం’ అని ఒక ముక్క రాస్తే రుజువైపోదు. శరీరభాగం స్వాధీనం చేసుకున్నారా? డీఎన్ఏ పరీక్ష జరిగిందా? అవి లేకపోతే మిగిలేది మీ ఫొటోలే.

వాటిని చెరిపేయమంటున్న గుమాస్తాను దూరం పెట్టండి. సాక్ష్యం మాయం చేయడం విడిగా ఒక నేరం. పైగా మిమ్మల్ని కాపాడే తోక ఆ ఫొటోల్లోనే ఉండొచ్చు. గుహ మూస్తే లోపల మిగిలినవి చస్తాయి, అవి సలీం అలీ గబ్బిలాలైతే అది ఈనాటి నేరం. పాత చట్టం దానికి అడ్డురాదు. చట్టంలో వేటంటే చంపడమే కాదు, తరమడం కూడా. పొగ పెట్టడం అందులోకే వస్తుంది.

పాతిక వేల రాజీ కూడా వద్దు. కనీస జైలు శిక్ష ఉన్న నేరానికి వన్యప్రాణి చట్టం సెక్షన్ 54 కింద రాజీ లేదు. డబ్బు పోతుంది, ఒప్పుకున్నట్టు కాగితం మిగులుతుంది.

చదవకుండా, నకలు తీసుకోకుండా వాంగ్మూలం మీద సంతకం పెట్టారు చూడండి, అది శుద్ధ తెలివితక్కువ పని. రాసింది రేంజ్ ఆఫీసరా, అసిస్టెంట్ కన్జర్వేటరో ఆ పైవారో ముందు కనుక్కోండి. సెక్షన్ 50 కింద విచారణలో చెల్లేలా సాక్ష్యం నమోదు చేసే అధికారం అసిస్టెంట్ కన్జర్వేటర్ హోదా నుంచే మొదలు.

ఈ వారంలోనే వకీలును పెట్టుకుని ముందస్తు బెయిలుకు వెళ్ళండి (సంహిత 482). ఫోన్‌ను రీసెట్ చేయకండి, అమ్మకండి. అసలు ఫైళ్ళు అందులోనే ఉండాలి. గుర్తింపు హైదరాబాదు లాకోన్స్ వంటి ప్రభుత్వ ప్రయోగశాలతోనో, జువలాజికల్ సర్వేతోనో చేయించాలని రాతపూర్వకంగా కోరండి. వేరే జాతి అని తేలితే మద్రాసు హైకోర్టు మదురై బెంచిలో కేసు కొట్టేయమని అడగొచ్చు. ఇదంతా గుహ అభయారణ్యం హద్దుకు బయట ఉంటేనే. లోపలైతే మామూలు గబ్బిలాన్ని చంపినా, అభయారణ్యంలో వన్యప్రాణులను నాశనం చేయొద్దనే సెక్షన్ 29 ఉంది. పట్టా అని తేలిగ్గా అనేశారు; సర్వే నంబరు, హద్దు పటం పట్టుకుని వకీలు దగ్గరికి వెళ్ళండి.