మాలా-ఎన్‌తో తలనొప్పి, తగ్గిన పాలు: సమాధానం

చంద్రగిరిలో ఉంటున్న మీరు, వదినగారికి సరిపడిన మాలా-ఎన్ గర్భనిరోధక మాత్రలు వేసుకుంటుంటే పాలు తగ్గి, తలనొప్పి వస్తోందని అడిగారు. నాలుగు నెలల బిడ్డకు పాలు తగ్గడానికీ, మీకు కొత్తగా తలనొప్పి మొదలవడానికీ మాలా-ఎన్‌లోని ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ కారణమై ఉండవచ్చు. పాలిచ్చే తల్లులకు కాన్పయిన ఆరు నెలల వరకు ఈ రకం మాత్రలను సాధారణంగా సూచించరు.

1. మాత్ర ఆపి, వేరే పద్ధతి మొదలయ్యేవరకు నిరోధ్ వాడండి.

2. చాలామంది వదిలేసేది రక్తపోటు పరీక్ష. చంద్రగిరిలోనే ఏఎన్ఎం (ఆరోగ్య ఉపకేంద్రం నర్సు) గారి వద్ద చూపించుకోండి. తలనొప్పికి ముందు కళ్లెదుట మెరుపులు, వంకర గీతలు కనిపిస్తుంటే ఆ సంగతి తప్పక చెప్పండి. అటువంటి పార్శ్వపు నొప్పి ఉన్నవారికీ, రక్తపోటు ఎక్కువగా ఉన్నవారికీ ఈస్ట్రోజెన్ పక్షవాతపు ముప్పును పెంచుతుంది కనుక, బిడ్డ పాలు మానిన తరువాత కూడా ఆ మాత్ర మీకు తగదు. మీ వదినగారికి సరిపడిందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

3. దీనికి బదులు వాడగల ఛాయ అనే గర్భనిరోధక మాత్రలో ఈస్ట్రోజెన్ లేదు, పాలు తగ్గవు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తరువాత వారానికి ఒకటి వేసుకోవాలి. పీసీఓడీ (అండాశయాల్లో నీటి బుడగల సమస్య), కాలేయ జబ్బు ఉంటే వద్దు.

4. గర్భాశయంలో అమర్చే కాపర్-టి కూడా పాలను తగ్గించదు, కానీ నెలసరి రక్తస్రావం పెరగవచ్చు. రక్తం తక్కువని చెప్పి ఉంటే ముందుగా హిమోగ్లోబిన్ చూపించుకోండి.

ఇవన్నీ తిరుపతి ప్రభుత్వ మెటర్నిటీ ఆసుపత్రిలో ఉచితమే. తలనొప్పి హఠాత్తుగా తీవ్రమైనా, ఒక కాలు వాచి నొప్పి పెట్టినా ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి.