ప్యాకెట్ బ్యాక్టీరియా వేస్తే అద్దకం నీళ్లలో విషం పోతుందా?

వరంగల్ కొత్తవాడలో జంపఖానాల నూలుకు రంగులేసే కొందరు కలిసి చిన్న ఈటీపీ (వాడిన నీళ్లను శుద్ధిచేసే ప్లాంటు) పెట్టుకోవాలనుకుంటున్నారు, ఒకాయన బ్యాక్టీరియా పొడి అమ్ముతూ రంగూ విషమూ రెండూ పోతాయంటున్నాడు, నమ్మొచ్చా అని అడిగారు. ఈ చుట్టుపక్కలే ఒక డైయింగ్ యూనిట్‌లో ఈటీపీ షిఫ్టులు చేసినవాణ్ని, నాకు తెలిసింది చెప్తా అన్నా.

రంగు పోయిందంటే విషం పోయినట్టు కాదు. అమ్మేవాళ్లు మనల్ని పడగొట్టేది అక్కడే. అద్దకంలో వాడే రంగుల్లో ఎక్కువ భాగం అజో రంగులు. రెండు నత్రజని పరమాణువుల మధ్య బంధం ఉంటుంది, రంగంతా దాని పుణ్యమే. గాలి తగలని ట్యాంకులో బ్యాక్టీరియా ఆ బంధాన్ని తెంపుతుంది, నీళ్లు తేటబడతాయి. తెగిన ముక్కలు మాత్రం అరోమాటిక్ అమైన్లు. కంటికి కనిపించవు, కానీ వాటిలో కొన్ని అసలు రంగుకన్నా ప్రమాదం, క్యాన్సర్ తెచ్చేవీ ఉన్నాయి. గాలి లేనిచోట అవి చాలావరకు అట్లనే ఉండిపోతాయి. ఆ నీళ్లను ఇంకో ట్యాంకులోకి పంపి, బ్లోయర్‌తో గాలి కొట్టి, వేరే రకం బ్యాక్టీరియాకు తినిపించాలి. అక్కడా కొన్ని మొండికేస్తాయి. అందుకే ఒక్క ట్యాంకు, ఒక్క ప్యాకెట్ అంటే నేను నమ్మను.

అసలు బ్యాక్టీరియా కొనాల్సిన అవసరమే తక్కువ. నడుస్తున్న ప్లాంటు నుంచి ఒక ట్యాంకర్ స్లడ్జ్ (బ్యాక్టీరియా ఉన్న మడ్డి), పేడ నీళ్లు, కాస్త బెల్లం: మా దగ్గర మొదలుపెట్టింది వాటితోనే. తర్వాత అద్దకం నీళ్లు కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. ఈ నీళ్లలో నత్రజని, భాస్వరం చాలవు కాబట్టి యూరియా, డీఏపీ కలుపుతారు. లెక్క 100 పాళ్ల బీఓడీకి (నీళ్లలోని మురికిని తినడానికి బ్యాక్టీరియాకు కావాల్సిన ఆక్సిజన్) 5 నత్రజని, 1 భాస్వరం. ఏరేషన్ ట్యాంకులో, అంటే ఆ గాలి కొట్టే ట్యాంకులో, కరిగిన ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాముల దగ్గర ఉండాలి.

ట్యాంకు ఆరోగ్యం తెలియాలంటే లీటరు జాడీ చాలు. ఏరేషన్ ట్యాంకు నీళ్లు నింపి అరగంట కదపకుండా పెట్టండి. బాగుంటే గోధుమరంగు మడ్డి ముద్దగా దిగి పైన తేట నీళ్లు నిలుస్తాయి. రాత్రి షిఫ్టోళ్లు బ్లీచింగ్ నీళ్లో కాస్టిక్ నీళ్లో ఒక్కసారే వదిలితే, తెల్లారేసరికి మడ్డి దిగదు, నీళ్లంతా కలిగంజిలా ఉంటాయి. పురుగు చచ్చిందన్నమాట (మేం బ్యాక్టీరియాను పురుగనే అనేవాళ్లం). మీ డబ్బు ప్యాకెట్ల మీదకన్నా ముందు పెద్ద ఈక్వలైజేషన్ ట్యాంకు మీద పెట్టండి. అన్ని బ్యాచ్‌ల నీళ్లు అక్కడ కలవాలి, పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్యకు తెచ్చాకే ముందుకు పంపాలి.

ఉప్పు విషయంలో బ్యాక్టీరియా చేసేదేం లేదు. రియాక్టివ్ రంగులు వాడితే ఉప్పు బాగా వస్తుంది, దానికి ఆర్‌ఓ లాంటిది వేరే చూసుకోవాలి. కొన్ని రంగుల్లో ఉండే రాగి, క్రోమియం కూడా మాయం కావు, చాలావరకు మడ్డిలోకి చేరతాయి. ఆ మడ్డిని ఎరువని ఎవరైనా పొలానికి అడిగితే ఇవ్వొద్దు. హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లో ప్రమాదకర వ్యర్థాల కేంద్రం ఉంది, అట్లాంటిచోటికే పోవాలి.

ఇక ఆ ప్యాకెట్లాయనను ఒక్కటి అడగండి. మన దేశ సాధారణ ప్రమాణాల్లో చేపల పరీక్ష ఉంది: శుద్ధిచేసిన నీళ్లలో ఇంకేం కలపకుండా 96 గంటలు చేపల్ని ఉంచితే 90 శాతం బతకాలి. మీ నీళ్లే తీసుకెళ్లి, ఆయన పొడితోనే శుద్ధిచేసి, ల్యాబ్‌లో ఆ పరీక్ష చేయించి రిపోర్ట్ తెమ్మనండి. అడ్వాన్స్ మాట ఆ తర్వాత.